గుణవృక్షము: ఓడకొయ్యయు, దానిని నిలిపిన త్రాళ్ళును

హోసూరునకు సముద్రము లేదు, కృష్ణగిరికిని లేదు. సముద్రమట్టమునకు దాదాపు 2,900 అడుగుల ఎత్తుననున్న హోసూరు పీఠభూమిలో సేద్యమును, పశుపోషణమును, వర్తకమును చేసికొని బ్రదుకుచు వచ్చిన తెలుగువారికి తెరచాపయనునది పాటలయందును సామెతలయందును వినిన మాటయే గాని, కంటితో చూచిన వస్తువు కాదు. అట్టివారి సంచికలో ఓడకొయ్యను గూర్చియు, ఆ కొయ్యను నిలుపు త్రాళ్ళను గూర్చియు వ్యాసమేల యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము మన నదియే చెప్పుచున్నది.

కన్నడదేశమున నందికొండల ప్రాంతమున పుట్టి, హోసూరు చెంత కెలవరపల్లి జలాశయమును నింపి, కృష్ణగిరి చెంత 1957–58 ప్రాంతమున వెలసిన ఆనకట్టను దాటి, తూర్పుగా సాగిపోవు దక్షిణ పినాకినిని మనమెరుగుదుము. తమిళులు దీనినే తెన్‌పెణ్ణై యందురు. ఈ నది కడలూరు చెంత బంగాళాఖాతమున కలియుచున్నది. సుమారు 1,800 సంవత్సరములకు పూర్వము ఆంధ్రశాతవాహనులు ముద్రించిన ఓడబొమ్మ నాణెములు ఆ కడలూరునకును చెన్నపట్టణమునకును నడుమనున్న తీరముననే ముఖ్యముగా లభించినవి. కావున మన పొలములను తడిపిన నీరు తుదకు చేరు తీరమే, తెలుగు రాజుల ఓడకొయ్య చిత్రములు బయల్పడిన తీరమునై యున్నది. మన జలాశయములలో చేపలు పట్టువారి పుట్టికి కొయ్య లేదు, తెరచాప లేదు. తెడ్డొకటే దానికి ఆధారము. ఆ పుట్టి తేలు నీటినే కొంత దూరము వెంబడించినచో మనము రెండు కొయ్యల ఓడను చేరుదుము.

నాణెముపై ఓడ

వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి మున్నగువారి కాలపు ఈ నాణెములు సీసముతో చేయబడినవి. ఒక వైపున ఓడ, రెండవ వైపున ఉజ్జయినీ చిహ్నమని చరిత్రకారులు వ్యవహరించు గుర్తు కానవచ్చును. ఓడకు రెండు కొయ్యలు. రెండు చివరలును పైకి లేచిన ఒడలు. నీటిలోనికి దిగిన చుక్కాని. బాగుగా నిలిచిన కొన్ని నాణెములపై కొయ్యల తలలనుండి దిగు త్రాళ్ళ జాడలుకూడ మసకగా అగపడును. బొటనవ్రేలి గోరంత చోటులో ఓడను చెక్కవలసి వచ్చిన కంసాలి, త్రాటిని విడువలేదు. త్రాడు లేని కొయ్య నిలువదని అతడెరుగును గదా.

క్రీ.శ. 1వ శతాబ్దిలో గ్రీకుభాషలో వ్రాయబడిన ‘పెరిప్లస్’ అను నావికగ్రంథము మసలియా యను పేర మన కృష్ణాతీరదేశమును పేర్కొని, అచ్చట సన్నని వస్త్రములు విస్తారముగా నేయబడుచుండెనని తెలుపుచున్నది. మరుసటి శతాబ్దివాడగు టాలమీ ఆంధ్రతీరముననే, సువర్ణభూమికి పోవు ఓడలు తీరమును విడిచి నడిసముద్రమునకు మరలు చోటొకటి కలదని వ్రాసెను. ఘంటసాలలో దొరికిన ప్రాకృతశాసనమొకటి శివకుడను ‘మహానావికు’ని పేర్కొనుచున్నది. ఈ మూడు సాక్ష్యములును మన పూర్వులు తీరము వెంబడి ప్రాకులాడినవారు మాత్రమే కాక, నడిసముద్రమును దాటినవారని రుజువుచేయుచున్నవి. నడిసముద్రమున తెడ్డు చాలదు, గాలి కావలెను. గాలిని పట్టుటకు తెరచాపయు, తెరచాపను మోయుటకు కొయ్యయు, కొయ్యను నిలుపుటకు త్రాళ్ళును కావలెను.

పేరులోని అర్థము

సంస్కృతనిఘంటువగు అమరకోశమున ఓడకొయ్యకు రెండు పేర్లు చెప్పబడినవి: కూపకము, గుణవృక్షకము. కూపమనగా గుంట, ఓడయడుగున నున్న గుంటలో మొదలు నిలిపిన కొయ్య గనుక కూపకమైనదని భావింపవచ్చును. రెండవ పేరు మరింత విశేషమైనది. గుణమనగా త్రాడు. గుణవృక్షమనగా త్రాళ్ళు కట్టిన చెట్టు. పేరు పెట్టిన వారు కొయ్యయొక్క ఎత్తును గాని, బలమును గాని, అది మోయు తెరచాపను గాని చెప్పలేదు. దానిని కట్టిన త్రాటిని చెప్పిరి. కొయ్య బలము త్రాటి బలమేయని ఆ ఒక్క పదము చాటుచున్నది.

మన తెలుగుమాటయగు ‘తెరచాప’యు ఆలోచింపదగినదే. తెరగా కట్టిన చాప తెరచాప. తొలినాటి ఓడలకు తుంగతోనో ఆకుతోనో అల్లిన చాపలనే కట్టుట అనేక దేశములందు వాడుకయై యుండెను. బట్ట వచ్చినను మాట మారలేదు. మోకు, తెడ్డు, గడ మున్నగునవి మన మాటలే. లంగరు, సరంగు, కళాసీ మున్నగునవి పారసీక, అరబ్బీ నావికులతోడి సహవాసమున మనకు వచ్చినవి. ఓడ సరకులతోబాటు మాటలను గూడ దింపిపోయినది.

భోజరాజు పేర ప్రసిద్ధమైన ‘యుక్తికల్పతరువు’ ఓడలను వర్ణించుచు, నాలుగు కొయ్యల ఓడకు తెలుపును, మూడింటిదానికి ఎరుపును, రెండింటిదానికి పసుపును, ఒకదానిదానికి నీలమును పూయవలెనని విధించినది. అజంతా 2వ గుహలోని చిత్రమున మూడు కొయ్యల ఓడయొకటి గలదు. శాస్త్రకారునకు కొయ్యల సంఖ్య ముఖ్యమైనది, చిత్రకారునకు వాని ఎత్తు ముఖ్యమైనది. త్రాళ్ళను అరగకుండ, చీకకుండ కాపాడు విధమును మాత్రము ఎవరును గ్రంథస్థము చేసినట్లు కానరాదు. అది సరంగు నోటినుండి కళాసీ చేతికి వచ్చిన విద్య. చేతులు మారినంతకాలము అది నిలిచినది.

త్రాడు తెగిన ఓడ ఎవరిది?

ఈ విద్య విలువ యెంతటిదో తెలియవలెనన్న మోటుపల్లికి పోవలెను. నేటి బాపట్ల జిల్లాలోని ఆ గ్రామమున, వీరభద్రస్వామి యాలయమున కాకతీయ గణపతిదేవ చక్రవర్తి క్రీ.శ. 1244–45 నాటి అభయశాసనము కలదు. పూర్వపు రాజులు, తుపానులో చిక్కి పగిలి తమ తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను, సమస్తమైన సరకును బలాత్కారముగా గైకొనుచుండిరనియు, ప్రాణముకంటె ధనమే మిన్నయని సముద్రమున సాహసించు వర్తకులయెడ దయతలచి, కీర్తికిని ధర్మమునకును నిర్ణీతమైన సుంకము దప్ప తక్కినదంతయు తాము విడిచితిమనియు ఆ చక్రవర్తి ప్రకటించెను. ఎగుమతులకును దిగుమతులకును ముప్పదింట నొకవంతు సుంకమని ఆ శాసనము నిర్ణయించినది.

ఈ శాసనమును మన చరిత్రకారులు కాకతీయుల ధర్మబుద్ధికిని, వాణిజ్యనీతికిని నిదర్శనముగా ఉదాహరింతురు. అది సమంజసమే. ఐనను ఓడలో నిలుచుండి దీనిని చదివినచో మరియొక యర్థము గోచరించును. తుపానులో ఓడ తీరమునకు కొట్టుకొనివచ్చుటకు కారణమేమి? గాలి వైపునున్న మోకు తెగినచో కొయ్య రెండవ వైపునకు ఒరిగి విరుగును. విరిగిన కొయ్యయు, నీట తడిసిన తెరచాపయు, త్రాళ్ళ చిక్కును ఓడను ఒక ప్రక్కకు లాగును. గాలిని పట్టు సాధనము పోగా, చుక్కాని చెప్పినట్లు ఓడ వినదు. కెరటములకు అడ్డముగా తిరిగి, అవి త్రోసిన దిక్కునకే పోవును. ఓడలు చెడుటకు లంగరు జారుట, పలకలు విచ్చుట మొదలగు ఇతర కారణములును గలవు. శాసనమున త్రాటి ప్రస్తావన లేదు. ఐనను పాతరాజుల ఏలుబడిలో, ఒక వర్తకుని సర్వస్వము అతనికి దక్కుటకును రాజబొక్కసము చేరుటకును నడుమ అనేక పర్యాయములు నిలిచినది ఒక మోకుమాత్రమేయని ఊహించుట తప్పు కాదు. గణపతిదేవుడు త్రాడు తెగినవానికి అభయమిచ్చెను. త్రాడు తెగకుండ చూచుట మాత్రము కళాసీ పనిగనే మిగిలినది.

కాకతీయుల తరువాత రెడ్డిరాజులును మోటుపల్లి రేవును పోషించిరి. శ్రీనాథుని ‘హరవిలాసము’ను కృతినందిన అవచి తిప్పయసెట్టి, దూరదీవులనుండి ఓడలపై సరకులు తెప్పించిన వర్తకుడు. ఆ కావ్యమున కప్పలి, జోంగు, వల్లి యను ఓడజాతుల పేర్లు వినవచ్చును. జోంగు అనునది తూర్పుసముద్రముల పేరు. ఒక్కొక్క జాతి ఓడకు ఒక్కొక్క విధమైన కొయ్య, ఒక్కొక్క విధమైన త్రాటికట్టు ఉండును గనుక, మన రేవులందు పనిచేసినవారు అనేక విధములైన కట్టులను చూచి, విప్పి, బాగుచేసినవారై యుందురు.

నరసాపురపు సాక్ష్యము

అట్టి నేర్పు మనవారికుండెననుటకు 17వ శతాబ్దిలో ప్రత్యక్షసాక్ష్యము లభించుచున్నది. ఆంగ్లనావికుడగు థామస్ బౌరీ 1669 మొదలుకొని 1679 వరకు బంగాళాఖాతపు తీరదేశములను గూర్చి తాను చూచిన విశేషములను వ్రాసిపెట్టెను. ఆ వ్రాతప్రతి 1905లో హక్లూట్ సంఘమువారిచే ముద్రింపబడినది. వసిష్ఠ గోదావరి యొడ్డుననున్న నరసాపురమును, దాని చెంతనున్న మాధవాయపాలెమును వర్ణించు సందర్భమున అతడు, ఆంగ్లవర్తకులు పలువురు అచ్చట ఏటేట ఓడలు కట్టించుకొనుచుండిరనియు, మంచి కలప సమృద్ధిగా లభించుననియు, ఆ తీరమున కెల్ల మేలైన ఇనుము అచ్చట దొరకుననియు, మేకులు, లంగరులు మున్నగు ఇనుపపనిని అచ్చటివారు చతురముగా చేయుదురనియు, ఓడను కట్టుటయందును నీటికి దింపుటయందును వారు ఎవరికిని తీసిపోరనియు మెచ్చుకొనినాడు. ఆ మెప్పుతో నిలువక, ఓడకొయ్యను ప్రక్కలకును ముందువెనుకలకును కట్టి నిలుపు మోకులను తయారుచేయు విధానము వారికడ మిక్కిలి శ్రేష్ఠమైనదని ప్రత్యేకముగా చెప్పినాడు.

ఈ సాక్ష్యమును తేలికగా చూడరాదు. బౌరీ ఓడలపైననే జీవితమును గడపినవాడు. కొయ్యత్రాడు మంచిదో చెడ్డదో అట్టివానికి శాస్త్రచర్చ కాదు, ప్రాణసంకటము. తన ఓడకు తాను నమ్మి కట్టుకొనదగిన త్రాడని ఒక పరదేశి ఒప్పుకొనుట కంటె, నరసాపురపు పనివారికి వేరొక ప్రశంసాపత్రము అక్కరలేదు. వారి పేర్లు మాత్రము ఏ శాసనముననులేవు.

త్రాళ్ళను కాపాడు విధము

ఇక త్రాళ్ళ సంరక్షణమును గూర్చి విచారింతము. చిన్న తెరచాప పడవపై త్రాళ్ళు రెండు తెగలు. కొయ్యను కదలకుండ నిలిపియుంచునవి మొదటివి. వీనిని నిలుచు త్రాళ్ళందము. తెరచాపను ఎత్తుటకును, దించుటకును, గాలికి అనుకూలముగా త్రిప్పుటకును ఉపయోగించునవి రెండవవి. వీనిని పారు త్రాళ్ళందము. మొదటివానికి కావలసినది సాగని బలము. రెండవవానికి కావలసినది కప్పీలో సులువుగా జారు మెత్తదనము. ఈ భేదమును గుర్తించుటయే సంరక్షణమునకు మొదటి మెట్టు.

త్రాటి పదార్థమును బట్టి దాని శత్రువు మారును. కొబ్బరిపీచు త్రాడు ఉప్పునీటికి జంకదు. తేలిక గనుక నీటిపై తేలును. కుదుపునకు సాగి మరల ముడుచుకొనును. కాని బలమున జనుపనారకు తీసిపోవును. మోటుపల్లిని ముట్‌ఫిలి యను పేర వర్ణించిన మార్కోపోలో, హోర్ముజు రేవున పీచుత్రాటితో కుట్టిన ఓడలను చూచి, ఆ త్రాడు ఉప్పునీటికి చెడదు గాని పెనుతుపానునకు ఆగదని వ్రాసెను. జనుము మున్నగు నారత్రాళ్ళు బలమైనవే గాని తడి నిలిచినచో లోలోపల చీకిపోవును.

నారత్రాడు తడిసినప్పుడు లావెక్కి పొట్టియగును, ఆరినప్పుడు సడలును. ఇది మిక్కిలి ముఖ్యమైన ధర్మము. ఎండవేళ బిగించి కట్టిన త్రాడు రాత్రి మంచునకో వానకో ముడుచుకొని, కొయ్య తలను వంచును, లేదా తానే తెగును. తడిసియున్నప్పుడు బిగించినది ఎండకు సడలి, కొయ్యను ఊగనిచ్చును. ఊగు కొయ్య ప్రతి కెరటమునకును త్రాటిని ఒక్కమారుగా గుంజును. నెమ్మదియైన బరువునకు తెగని త్రాడు ఆ గుంజుడునకు తెగును. అందుచేతనే నావికులు సాయంకాలము త్రాళ్ళను కొంచెము వదలు చేయుదురు, ఉదయము మరల బిగింతురు. రెండు ప్రక్కల బిగువు సమముగా నున్నదా, కొయ్య నిలువుగా నున్నదా యని మొదలునుండి తలవరకు చూపు సారించి పరీక్షింతురు.

త్రాడు నడుమ తెగుట అరుదు. ఒరయు చోటనే తెగును. కప్పీ గాడిలో, కొయ్య తలవద్ద, ముడి లోపల, పడవయంచు తగులుచోట దాని నార రేగును. అట్టి చోటులకు పాతగుడ్డనో తోలునో సన్నత్రాటినో చుట్టి కాపాడుదురు. పారుత్రాటిని కొంతకాలమునకు తలక్రిందు చేసి, ఇంతవరకు కప్పీలో నున్న భాగమును వేరొక చోటికి మార్చినచో అరుగుదల పంచుకొనబడి త్రాటి ఆయువు పెరుగును. పైకి బాగుగా కానవచ్చు త్రాడు లోపల చెడియుండవచ్చును. పురిని కొంచెము విప్పి లోపల చూడవలెను. నార మెరయుచున్న మంచిది. నల్లబడి, మట్టివాసన గొట్టి, పొడిగా రాలినచో దానిని నమ్మరాదు.

కీలు, అనగా తారు, పూయుట నారత్రాటిని తడినుండి కాపాడును. కాని అది త్రాటిని బిరుసు చేయును, కొంత బలమునుగూడ తగ్గించును. కావున నిలుచు త్రాళ్ళకే కీలు. పారు త్రాళ్ళకు పూసినచో అవి కప్పీలో జారవు, ఆపదవేళ తెరచాప దిగదు. దిగని తెరచాప తెగిన త్రాటివలెనే ప్రాణాంతకము.

కొయ్యవిషయమునను జాగ్రత్త కలదు. మొదలు నిలుచు గుంటలో వాననీరు చేరినచో కలప అచ్చటనే కుళ్ళును. పైనుండి చూచువారికి తెలియదు. గుంటను శుభ్రపరచి, నీరుపోవు దారిని తెరచి, కొయ్యకు నూనె పట్టింతురు. పని లేని కాలమున కొయ్యను దించి, నీడలో, సమమైన ఆధారములపై పరుండబెట్టుదురు. లేనిచో అది వంగును.

హిందూమహాసముద్రపు ఏటవాలు తెరచాప పడవలలో వేరొక విశేషము కలదు. వానిలో పెక్కింటికి కొయ్యను ఇరువైపుల ఎల్లప్పుడును పట్టియుంచు త్రాళ్ళుండవు. తెరచాపను ఎత్తిన మోకునే వెనుకకు లాగి గాలివైపున కట్టుదురు. అదియే కొయ్యకు ఆధారమగును. పడవ దిక్కు మార్చినపుడెల్ల త్రాళ్ళను రెండవ వైపునకు మార్చి కట్టవలెను. ఈ పద్ధతిలో మరపునకు తావులేదు. మోకు కట్టినవాడు నిద్రించిన కొయ్య నిలువదు. కోరమాండల్ తీరపు తెప్ప యీ జాగరూకతకు మరియొక నిదర్శనము. ఒడ్డునకు వచ్చిన పిదప దుంగలను విప్పి ఆరబెట్టి, మరల పోవునప్పుడు కట్టుకొనుట తెప్పవారి యాచారము. కట్టిన ప్రతిమారును త్రాడు చేతులలోనుండి జారును. చెడిన చోటు చేతికి తెలియును. కట్టుటయే పరీక్ష.

కపిలబావి మోకు

ఇంతవరకు చెప్పినది సముద్రతీరవాసుల విద్యయని మన ప్రాంతమువారు అనుకొనవలదు. విద్యుత్తు పంపులు వచ్చుటకు పూర్వము మెట్టసీమల బావులపై కపిల తోలినవారికి ఈ సూత్రములన్నియు తెలియును. ఎద్దులు దిగువకు నడచుచుండగా, గిలకపైనుండి సాగు మోకు నీటిబానను పైకి తెచ్చును. ఆ మోకు గిలకవద్దనే అరుగును. తడిసి ఆరి తడిసి ఆరి చీకును. తెగినచో బాన బావిలో పడుటయే కాక, బరువు తప్పిన ఎద్దులు ముందునకు తూలి పడును. కావున రైతు మోకును తడవి చూచును, త్రిప్పి కట్టును, గిలకకు ఆముదము పెట్టును. తాటిచెట్టెక్కు గీతగాని నడుమునకున్నదియు మోకే. దానిని పరీక్షింపక అతడు చెట్టు మొదట కాలిడడు. ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగునను సామెతను మనము భాగ్యవిపర్యయమునకు చెప్పుకొందుము. త్రాటివిషయమున అది అక్షరాలా నిజము. బండిపై బరువు కట్టిన మోకును, బావి మోకును, ఓడ మోకును ఒక్క మాటచేతనే పిలుచు భాష మనది. ఆ పనుల బంధుత్వము ఆ పేరులోనే యున్నది.

కోరంగినుండి హుస్సేన్‌సాగరు వరకు

గోదావరీ ముఖమునందలి కోరంగి 18, 19 శతాబ్దులందు ఓడలు కట్టుటకును బాగుచేయుటకును ప్రసిద్ధిచెందినది. 1789 డిసెంబరులోను, 1839 నవంబరు 25వ తేదీనను వచ్చిన ఉప్పెనలు ఆ పట్టణమును ధ్వంసము చేసినవి. ఐనను ఆ పేరు చావలేదు. బర్మాదేశమునకు పోయిన తెలుగువారినందరిని అచ్చటివారు ‘కోరంగీ’లని పిలిచిరి. చెంతనున్న తాళ్ళరేవున కొయ్య ఓడల నిర్మాణము 20వ శతాబ్దిలోనికిని సాగినది. తీరమున తిరిగిన దోనెలను జాన్ ఎడై 1834లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వర్ణించెను. అవి సుమారు 70 అడుగుల పొడవు గలవట. వాని సాధనసామగ్రి మిక్కిలి మోటుదని అతడు ఆక్షేపించెను. బౌరీ మెచ్చిన తీరమునే ఎడై నిందించుట గమనింపదగినది. ఓడలు వేరు, రేవులు వేరు, చూచిన కన్నులును వేరు. కావున ఒకని మెప్పును గాని మరియొకని నిందను గాని తీరమునకంతకు అంటగట్టరాదు. ఐనను ఆ రెంటి నడుమ 150 సంవత్సరములకు పైగా గడచినవని మరువరాదు. పెద్ద వాణిజ్యము పరదేశీయుల ఓడలకు మరలినకొలది, దేశీయుల ఓడలకు మంచి త్రాడు కొనుటకు సొమ్ము మిగులకపోయి యుండవచ్చును.

తదుపరి ఆవిరిఓడ వచ్చినది. 20వ శతాబ్దియుత్తరార్ధమున చేపలపడవలకు యంత్రము వచ్చినది. యంత్రము మత్స్యకారుల శ్రమను తగ్గించినది, గాలికై వేచియుండు బాధను తప్పించినది. దానిని నిందించుట అన్యాయము. కాని తెరచాపతోబాటు త్రాళ్ళ విద్యయు ఒడ్డెక్కినది.

ఆ విద్య నేడు వేరొక రూపమున, సముద్రము లేని చోటనే, తెలుగునేలపై కొనసాగుచుండుట చిత్రము. కుతుబ్‌షాహీల కాలమున 16వ శతాబ్దిలో త్రవ్వబడిన హుస్సేన్‌సాగరుపై సికింద్రాబాదులోని సైనికుల నావికసంఘమును, హైదరాబాదు యాట్ క్లబ్బును యువకులకు తెరచాప పడవలను నడుపుట నేర్పుచున్నవి. బాలురు నడుపు ఆప్టిమిస్టు పడవకును, పెద్దలు నడుపు లేసరు పడవకును కొయ్యను నిలుపు త్రాళ్ళు లేవు. గుంటలో నిలిచిన కొయ్య తన బలముననే నిలుచును. కావున వానిలో గుంటయే ప్రాణస్థానము. దాని యడుగున ఇసుక చేరినను, బీట వారినను కొయ్యకు చేటు. ఇద్దరు నడుపు 420 అను జాతి పడవకు మాత్రము ఉక్కుతీగల త్రాళ్ళుండును.

ఉక్కుతీగ చీకదు, సాగదు. ఐనను దానికిని శత్రువులు గలరు. పీచుత్రాటికి మేలుచేసిన ఉప్పు దీనికి కీడు. కావున సముద్రమున తిరిగి వచ్చిన పిదప మంచినీటితో కడుగవలెను. తుప్పు చివరల బిగింపులలోపల దాగును. పేలిన తీగపోగు బయటికి పొడుచుకొని వచ్చును; గుడ్డతో తుడిచినచో దారము తగులుకొని ఆ చోటు తెలియును. ఒక్క పోగు తెగినను ఆ త్రాటిని మార్చవలెను. తక్కినవి ఆ బరువును మోయుచు తమ వంతుకై వేచియున్నవే గాని క్షేమముగా లేవు. కృత్రిమపుదారముతో చేసిన పారుత్రాళ్ళకు ఎండ శత్రువు. పదార్థములు మారినవి, తడవి చూడవలెనను ధర్మము మారలేదు.

ముగింపు

ఈ చరిత్రయందు మనకు కానవచ్చునదేమి? నాణెముపై రాజుపేరు నిలిచినది, శాసనమున చక్రవర్తి దయ నిలిచినది, కావ్యమున వర్తకుని వైభవము నిలిచినది. వీరందరి భాగ్యమును మోసిన కొయ్యను పట్టి నిలిపిన త్రాడును గూర్చి ఒక పరదేశి వ్రాసిన వాక్యము దప్ప మనకడ వ్రాత మిక్కిలి తక్కువ. ఏ వస్తువు ప్రతిదినమును కాపాడబడుచున్నదో దానిని గూర్చి ఎవరును వ్రాయరు. అది తెగిననాడే వార్తయగును.

భాషాప్రయుక్త రాష్ట్రముల నిర్మాణకాలమున, 1953లోను 1956లోను, హోసూరు, కృష్ణగిరి ప్రాంతములు మద్రాసు రాష్ట్రముననే నిలిచినవి. ఇచ్చటి తెలుగువారు తెలుగు మాటను తమ ఇండ్లలోను పొలములలోను నిలుపుకొనిరి. అట్టి మాటలలో పనిమాటలు అన్నిటికంటె ముందుగా మరుగుపడును. పని పోయిన మరుసటి తరమునకు మాట పోవును. మోకు, గిలక, పురి, బాన, కట్టు మున్నగు మాటలను, ఆ త్రాటిని ఎట్లు పేనిరో, ఎట్లు తడిపిరో, ఎప్పుడు మార్చిరో, కపిల తోలిన పెద్దలు మన గ్రామములందు ఉన్నంతలోనే అడిగి వ్రాసికొనుట మన చేతిలోని పని. తీరమున తెరచాప నడిపిన వృద్ధులనుండి వారి మాటలను అచ్చటి మిత్రులు సేకరించినచో, రెండు పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవచ్చును. ఎన్ని మాటలు కలియునో అప్పుడు తెలియును.

దక్షిణ పినాకిని నీరు నేటికిని కడలూరు దిక్కుగనే పారుచున్నది. గుణవృక్షమను మాట అమరకోశమున నిలిచియున్నది. ఆ వృక్షమునకు త్రాళ్ళు కట్టిన చేతుల పరిజ్ఞానము మాత్రము పుస్తకములలో లేదు. వృద్ధుల అరచేతులలో ఉన్నది. దానిని అడిగి తెలిసికొనవలసిన వారము మనమే.